ఇద్దరికీ సరిపోయే టైర్లు

ఆదివారం, పడుకోబోయే ముందు

ఎత్తిపోతల దారిలో, వానలో బండి జారి పడ్డప్పటి నుంచి సుజాత వెనక సీటు ఎక్కడం మానేసింది. అరిగిన టైర్లతో పెళ్లాన్ని తిప్పే మొగుణ్ణి నమ్మదట. ఇవాళ నరసరావుపేటలో టైర్ల షాపుకి నేను బండి మీద వెళ్తే, తను వెనకే ఆటోలో వచ్చింది.

"ఎక్కేది ఒకరా, ఇద్దరా? దాన్నిబట్టే టైరు," అన్నాడు షాపాయన.

"ఒక్కణ్ణే," అన్నాను.

సొరకాయ లేతదో కాదో చూసినట్టు సుజాత టైరుని గోటితో గిచ్చింది. "ఇద్దరం, అన్నా. వానకి జారనిది ఇయ్యి."

టైర్లు బిగించి నిమ్మకాయలు తొక్కించగానే వెనక ఎక్కి కూర్చుంది. కొత్త టైర్లు నాలుగు రోజులు జారతాయని షాపాయన నా చెవిలో చెప్పాడు. అది తనకింకా చెప్పలేదు. దారంతా ఎద్దుబండిలా తోలాను.

"ఏందయ్యా, ఆటోనే నయం!" అంది.

దిగి ఆటో ఎక్కమంటే మాత్రం, నడుం ఇంకా గట్టిగా పట్టుకుంది.