కారం డబ్బా, కుంకుమ డబ్బా

బళేపేట,
మంగళవారం

అక్కా,

వంటిల్లూ, అందులోని దేవుడి గూడూ సర్ది, అన్నీ ఒకేరకం స్టీలు డబ్బాల్లో పోసి తెలుగులో పేర్లు అంటించాను. మా అత్తమ్మ మాట్లాడేది తెలుగే అయినా, ఈ ఊళ్ళో బడిలో చదివింది కన్నడమేనన్న సంగతి మరిచిపోయాను. శుక్రవారం తాంబూలానికి వచ్చిన పక్కింటి వరూధినిగారి నుదుట కుంకుమ అనుకొని కారం పెట్టేసింది! పాపం, ఆవిడ కళ్ళ నీళ్ళతో కొళాయి దగ్గరికి పరుగెత్తింది.

పాత సీసాలే మేలని ఇంట్లో అందరూ అంటున్నారు. డబ్బాలు తీసే ప్రసక్తే లేదన్నాను. కన్నడంలో పేర్లు రాయిస్తానంటే అత్తమ్మే ఒప్పుకోలేదు. "ఇంట్లో మాట్లాడేది తెలుగే గదమ్మా, ఆ అక్షరాలేవో నాకే నేర్పియ్యి" అనింది.

ఒకటో తరగతి తెలుగు పుస్తకం వెంటనే పంపు. అ, ఆలు తర్వాత చూసుకుంటాం. ముందు 'కా'కూ 'కుం'కూ తేడా నేర్పాలి.

నీ చెల్లెలు