కిటికీ కింద పొగ

చెల్లీ,

మీ ఇంట్లో ఆ వెనక గది ఖాళీగానే ఉందా? పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, మా అల్లుడు నిజంగానే ఆ పని చేస్తున్నాడు.

మూత ఉన్న బొగ్గుల గ్రిల్లు ఒకటి కొన్నాడు. పెరడంతా ఖాళీగా ఉన్నా, ప్రతి ఆదివారం పొద్దున్నే దాన్ని తెచ్చి సరిగ్గా నా కిటికీ కిందే పెడతాడు. నిప్పులన్నీ ఒక పక్కకి తోసి, మాంసం రెండో పక్కన ఉంచి, నిప్పుల మీద చెక్కముక్కలు వేసి మూత మూసేస్తాడు. ఇక ఆరు గంటలు పొగే. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసినవాణ్ణి, నా లెక్క తప్పదు. మధ్యమధ్య నా కిటికీ వైపు చూస్తాడు కూడా, ఇంకా ఉన్నానా అని కాబోలు.

మొన్న ఉండబట్టలేక అడిగేశాను.

"ఇక్కడ గోడ అడ్డం మామయ్యా. గాలి తగిలితే నిప్పు రేగి మాంసం గట్టిపడుతుంది."

"గట్టిపడితే నీకేం? ముప్ఫై రెండు పళ్లున్నాయిగా!"

"నాకున్నాయి లెండి" అని నేల చూపులు చూశాడు.

మధ్యాహ్నం మొదటి పళ్లెం నాకే వచ్చింది. ముట్టుకుంటే చాలు, మాంసం ఎముక నుంచి ఊడొచ్చింది. కట్టుడు పళ్లు పెట్టుకోకుండానే తిన్నాను. "నువ్వొచ్చాకే ఈ గ్రిల్లు కొన్నారు నాన్నా" అంది అమ్మాయి.

దాంతో నా అనుమానం రెట్టింపయింది. ఊరికే ఎవడైనా ఆరు గంటలు నిప్పు కాస్తాడా?

ఆ గది ఎవరైనా అడిగితే ఇచ్చెయ్. ఈ సంగతేదో తేలేదాకా నేనిక్కణ్ణుంచి కదలను.

మీ అన్నయ్య