ఖాజా చాచా తోట మట్టి

మంగళవారం, రాత్రి

బహదూర్‌పురాలో ఖాజా చాచా కౌలుకు చేసే ఆకుకూరల తోటను ఈరోజు జేసీబీతో తవ్వేశారు. యజమాని అక్కడ ఫంక్షన్ హాలు కడతాడట.

నా చిన్నప్పటి నుంచి మా బాపు బర్రెల కొట్టంలో పేడంతా ఆ తోటకే వెళ్లేది. అప్పట్లో అది గట్టి మొరం నేల. ఏటా ఎరువు పడీ పడీ నల్లబడింది, పిడికిట్లో మెత్తగా విడిపోయేది. కాలేజీలో నేను పిల్లలకు మట్టిలోని కర్బనం గురించి, సూక్ష్మజీవుల గురించి పాఠం చెప్పినప్పుడల్లా అక్కడి గుప్పెడు మట్టే మైక్రోస్కోపు కింద పెట్టేదాన్ని.

నేను వెళ్లేసరికి ఆ మట్టినే కంకరతో కలిపి టిప్పర్‌లో పోస్తున్నారు. చాచా గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"బేటీ, శంషాబాద్ దిక్కు వేరే జాగ చూసిన. ఎర్రనేల. పేడ ఏస్తే గిట్లనే అయితదా?"

"అయితది చాచా."

"నా ఉమర్ సరిపోతదా?"

ఆ నేల అలా కావడానికి నా వయసంత కాలం పట్టింది. ఆయనకు డెబ్బై దాటాయి.

"సరిపోతది" అన్నాను, ముఖం చూడలేక.

"జూట్ చెప్పనీకి గూడ రాదు నీకు" అని నా తల నిమిరి వెళ్లిపోయాడు.

రేపటి నుంచి మా పేడ నాలాలోకే పోతుంది. బాపుకు ఇంకా చెప్పలేదు.