జేబు లేని చొక్కా

అక్కకి,

ముద్దుగా పిలవడానికి ధైర్యం చాలక ఇలా పొడిగా మొదలుపెట్టాను, ఏమీ అనుకోకు. జైలు నుంచి వచ్చాక, మాలాంటివాళ్ళకి గది ఇచ్చి పని చూపించే కేంద్రంలో ఉంటున్నాను. నాది కుట్టుగదిలో పని. మిషను ముందు కూర్చుంటే చాలు, నాన్న టైలరు కొట్టు కళ్ళకి కడుతుంది. చెవి మీద సుద్దముక్కతో ఆయన, ఎదురెదురుగా మన మిషన్లు, కాళ్ళు అందక స్టూలు అంచున కూర్చుని తొక్కే నువ్వు. కాలరు నాది, జేబు నీది. నాన్న ప్రతి జేబులోనూ రెండు వేళ్ళు పెట్టి లాగి చూసి, "ఇది అమ్మాయి జేబు, బట్ట చిరగాలేగానీ ఇది ఊడదు" అనేవారు. నాకెంత కుళ్ళుగా ఉండేదో!

బయటికొచ్చి కుట్టిన మొదటి చొక్కా బావకే. ఇక్కడి మేడమ్ అటూ ఇటూ తిప్పి చూసి, "జేబేదయ్యా?" అన్నారు. లోపల మేం కుట్టిన ఖైదీ బట్టలకి జేబులుండవక్కా. ఏదీ దాచుకోకూడదు కదా. చేతికి అదే అలవాటైపోయింది. కుట్టి ఇమ్మన్నారు గానీ, నీ పని ముట్టుకోబుద్ధి కాలేదు. చొక్కానీ, మిగిలిన గుడ్డనీ పంపుతున్నాను.

మీ ఇంటికొచ్చి మాట్లాడతానని మేడమ్ అంటున్నారు. వద్దన్నాను. నువ్వు నన్ను చూడ్డానికి రావడం మానేశాక చాలా ఏడ్చాను. ఇప్పుడు నేనొస్తే వీధిలో నువ్వు తల దించుకోవాలి. అందుకే ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాను.

తమ్ముడు

ఒరే పిచ్చి తమ్ముడూ,

నీ చొక్కా తొడుక్కుని మీ బావ అలవాటుగా కళ్ళజోడు జేబులో పెట్టుకోబోయి కింద పడేశారు. "మీ తమ్ముడికి నా మీద ఏం కోపం?" అని ఒకటే నవ్వు. కాలరుకి మాత్రం నాన్న కూడా వంక పెట్టలేరు.

ఇంక రావద్దని కటకటాల వెనకనుంచి అన్నది నువ్వురా. ఆ మాట పట్టుకుని కూర్చున్నది నేను. రాలేని ప్రతి వారం నేనూ ఏడ్చాను. మొండితనంలో ఇద్దరం నాన్న పిల్లలమే. వీధి సంగతంటావా, వాళ్ళు అడగాల్సినవన్నీ ఎప్పుడో అడిగేశారు. నేనూ గట్టిగానే చెప్పాను. ఇప్పుడు అందరూ జాకెట్లు కుట్టించుకోడానికి నా దగ్గరికే వస్తారు.

నీ మిషను అమ్మలేదు. నా మిషనుకి ఎదురుగానే ఉంది, నిన్ననే నూనె వేశాను. నువ్వు పంపిన గుడ్డలోంచి జేబు కత్తిరించి దాని మీదే పెట్టాను. నాకిప్పుడు కాళ్ళు అందుతాయి గానీ, ఎదురుగా నువ్వు లేకపోతే జేబు తిన్నగా రాదు. మేడమ్‌ని మాట్లాడ్డానికి పంపకు. ఆవిడని వెంటబెట్టుకుని నువ్వే రా.

నీ అక్క