రెండోసారి అడగడం

మహారాజశ్రీ పైలట్ అన్నకు, నీ చొక్కాలన్నీ అడక్కుండా తొడుక్కుంటున్న తమ్ముడు సవినయంగా రాయునది.

నేనూ పైలట్ శిక్షణలో చేరాను. మిలటరీ విమానాలూ మామూలు విమానాలూ కలిసి వాడుకునే ఆ విమానాశ్రయం వైపు నిన్న మొదటిసారి వెళ్లాను. రెండేళ్ల కింద రేడియోలో దారి చెప్పే కంట్రోలర్ మాట సరిగా వినబడకున్నా నువ్వు సరేనని, యుద్ధవిమానం దారిలోకి పోయి, ఇక తిరిగి రానిది అక్కడే. త్రిపురారంలో మన ఇంట్లో నాన్న చెప్పింది రెండోసారి అడిగితే ఎదురు చెప్పినట్టే కదా. ఆ మర్యాదను నువ్వు ఆకాశం దాకా మోసుకుపోయావు.

నాకు మర్యాద తక్కువని ఊరంతటికీ తెలుసు. కంట్రోలర్‌ను మూడుసార్లు అడిగాను. యుద్ధవిమానం దిగిపోయేదాకా దూరంగానే చక్కర్లు కొట్టాను.

నేల మీదికి రాగానే నాన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"గాయన తిట్టిండా?"

"జర విసుక్కున్నడు నాన్నా."

"విసుక్కోనియ్యి బిడ్డా. ఎన్నిసార్లయినా అడుగు. పెద్దోనికి గా అడుగుడు నేర్పలే నేను" అన్నాడు.

ఏదో ఒక జోకు వేసి నవ్విద్దామనుకున్నాను అన్నా. ఒక్కటీ తోచలేదు.