దొంగ గుండీలు

జనవరి 8

టీచరమ్మ పిలిచింది. మా బుడ్డిది మాటల పుట్ట, చదవమంటే గడగడా చదివేస్తుంది, పెన్సిల్ పట్టుకోమంటే మాత్రం అక్షరాలన్నీ గీత దాటి పారిపోతాయట. వేళ్ళలో పట్టు రాలేదంది. ఫైన్ మోటార్ స్కిల్స్ అని ఏదో అంది. ఏడాది చివరికి నాలుగు ముక్కలు రాయడం, తన గుండీలు తాను పెట్టుకోవడం రాకపోతే రెండో తరగతికి పంపరట. స్నేహితులంతా పైకి వెళ్తే ఇది మళ్ళీ ఒకటిలోనే కూర్చోవాలి.

గుండీలు! రోజంతా చొక్కాలు కుట్టేవాడి కూతురికి గుండీలు రావట. తల కొట్టేసినట్టయింది.

జనవరి 10

పిండి పిసికించమంది. బట్టల క్లిప్పులు తీయించి పెట్టించమంది. పూసలు గుచ్చించమంది. తొందరపెట్టొద్దని రెండుసార్లు చెప్పింది. మా ఆవిడకి ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు. కాబట్టి ఇదంతా నా నెత్తినే.

జనవరి 19

పూసలన్నీ మంచం కింద.

జనవరి 27, ఉదయం 7.40

అరిచాను. దాని వేళ్ళు పట్టుకుని గుండీ మీద గట్టిగా నొక్కాను. ఏడ్చింది. బయట బస్సు హారన్ మీద హారన్. చివరికి నేనే పెట్టి పంపాను. రోజూ ఇదే భాగోతం.

రాత్రి

దాని బొటనవేలి మీద నా గోటి గుర్తు, ఎర్రగా. షిఫ్టు నుంచి వచ్చాక మా ఆవిడ చూసింది. కొబ్బరినూనె రాసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 3

ఇవాళ ఒక పని చేశాను. దాని యూనిఫాం చొక్కాల కాజాలు మూసేసి, గుండీలు ఊరికే పైపైన కుట్టి, అడుగున టిచ్ బటన్లు పెట్టాను. నొక్కితే టక్కున పడతాయి. ఎంత చూసినా ఎవరూ కనిపెట్టలేరు, నా చేతి పని మరి. మా ఆవిడకి కూడా చెప్పలేదు. బుడ్డిది తొడుక్కుని టకటకా అన్నీ పెట్టేసుకుంది. నాన్నా, నాకు వచ్చేసింది అని ఇల్లంతా గెంతింది.

నేను చప్పట్లు కొట్టాను.

ఫిబ్రవరి 14

క్లాసులో కూడా చప్పట్లు కొట్టించారట. గుండీలు వచ్చాయంటే రాత కూడా దారిన పడుతుందిలెండి అంది టీచరమ్మ. తల ఊపి వచ్చేశాను.

ఫిబ్రవరి 26

ఫోన్. వెంటనే రమ్మన్నారు. కత్తెర బట్టలోనే వదిలేసి పరిగెత్తాను.

డ్రాయింగ్ క్లాసులో రంగునీళ్ళు ఒంటి మీద ఒలికాయట. స్కూలు ఆయా అక్కడున్న వేరే చొక్కా ఇచ్చిందట. నాకు వచ్చు, ఎవరూ రావొద్దు అని బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుందట. అంతే, ఇక బయటికి రాలేదు. తలుపు ముందు పిల్లలు చేరి నవ్వారట.

నా గొంతు విని గడియ తీసింది. చొక్కా అంచులు రెండూ పిడికిళ్ళతో దగ్గరికి పట్టుకుని నిలబడింది. నాన్నా, ఈ గుండీలు పాడైపోయాయి, బాగుచెయ్యి అంది.

టీచరమ్మ తడిసిన చొక్కా తిప్పి చూసింది. ఎవరిని మోసం చేశారండీ, నన్నా, దాన్నా అని అడిగింది.

దాన్నే అన్నాను.

ఫిబ్రవరి 27

అవి నిజం గుండీలు కావని బుడ్డిదానికి చెప్పాను. చొక్కా తిరగేసి టిచ్ బటన్ ఒకటి నొక్కి చూసింది. తర్వాత, మరి నువ్వు చప్పట్లెందుకు కొట్టావు అంది. ఆ క్షణాన చచ్చిపోవాలనిపించింది.

మార్చి 6

స్కూలంటే కడుపునొప్పి అంటోంది. పెన్సిల్ ముట్టదు. గుండీలున్న బట్ట ఏదీ ముట్టదు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. బుడ్డిది మాత్రం ఏమీ జరగనట్టు మాట్లాడుతోంది. అదే భరించలేకపోతున్నాను.

మార్చి 15

నా పాత చొక్కా గుండీలు పీకేసి ఓవర్‌కోటువి కుట్టాను, బిస్కెట్లంత ఉన్నాయి. కాజాలు వదులుగా కోశాను. అది తొడుక్కుని, ఒక్క గుండీ కూడా పెట్టుకోకుండా మిషన్ ముందు కూర్చుంటున్నాను. పెట్టమని అడగను. ఈసారి అడగను. బుడ్డిది చూసీ చూడనట్టు పోతోంది.

మార్చి 24

ఇంకా అలాగే తిరుగుతున్నాను, షాపులో కూడా. అంత ఉక్కగా ఉందా అని ఓనరు ఎగతాళి చేశాడు.

మార్చి 30

తేల్చేశారు. మళ్ళీ ఒకటో తరగతే. ఎదురింటి పిల్ల అప్పుడే రెండో తరగతి పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది. బుడ్డిది కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. ఇది నేను చేసిందే.

ఏప్రిల్ 2, ఉదయం

ఒక కాజా తప్పి పడ్డాయి నా చొక్కా గుండీలన్నీ. ఒక అంచు కిందికి వేలాడుతోంది. మెడ దగ్గర పట్టేస్తోంది. బుడ్డిది తనంతట తానే వచ్చి, నాలుక బయటపెట్టి మరీ పెట్టింది.

చప్పట్లు కొట్టొద్దంది.

కొట్టలేదు. ఇలాగే షాపుకి వెళ్తున్నాను.