స్కర్టు అంచున సీసం

1983 జనవరి, ఆదివారం రాత్రి

ఇంకా నమ్మలేకపోతున్నాను. ఆడవాళ్ళు మంచు మీద హాకీ ఆడతారట! అదీ మా నానమ్మ పుట్టకముందు నుంచీ!

పొద్దున పోర్టు గ్రౌండులో మా హాకీ ప్రాక్టీసు చూడ్డానికి కెనడా ఓడ కెప్టెన్ భార్య వచ్చింది. నేను గోల్‌కీపర్నని తెలిసి పర్సులోంచి పాత ఫొటో ఒకటి తీసింది. గడ్డకట్టిన చెరువు మీద, పాదాల దాకా స్కర్టుతో, చేతిలో కర్రతో వాళ్ళ అమ్మమ్మ. ఆవిడా గోల్‌కీపరే! వాళ్ళు ఆడేది బంతితో కాదు, బిళ్ళతో. అది కిందనుంచి దూరిపోకుండా స్కర్టు అంచులో సీసపు గుళ్ళు పెట్టి కుట్టుకునేవారట.

ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాను. నాన్న నవ్వలేదు.

"ఆల గోల మనకెందుకు? సముద్రం గాలికి నీ స్కర్టు ఎగురుతంటే జనం సూత్తన్నారు. రేపట్నించి ఆట మానెయ్."

వచ్చే వారమే మ్యాచ్.

సాయంత్రం చూద్దును కదా, భీమిలి తాతయ్య చేపల వలకి బరువు కట్టడానికని మా ఇంట్లో ఉంచిన సీసపు గుళ్ళు నా స్కర్టు అంచులో పెట్టి కుడుతోంది అమ్మ! నాన్నకు ఏనాడూ ఎదురు చెప్పని అమ్మ, దాన్ని తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పడేసింది.

"ఇప్పుడెగరదు. ఇంకేటంతారు?"

నాన్న ఆ అంచును చేత్తో ఎత్తి బరువు చూసి, స్కర్టు నా చేతికిచ్చాడు.

ఇందాక వేసుకుని చూశాను. నడుం లాగేస్తోంది. దీంతో ఎలా పరిగెత్తడం?

ఫొటోలో ఆవిడ ఈ బరువు మోసింది బిళ్ళను ఆపడానికి. నేను మోయాల్సింది జనం కళ్ళను ఆపడానికి...